కువైట్ గడియారంతో భూపాలపల్లికి

ఈ ప్రయాణానికి మూలం విస్తరాకులు.

ఏడాదిన్నర కిందట మా చెల్లెలు సుగుణ కొడుకు మహేష్ పెళ్లి జరిగింది. సుగుణ కూతురు కవిత కువైట్‌లో నర్సు. తమ్ముడి పెళ్లికి ఆమెకు సెలవు దొరకలేదు. తలంబ్రాలు ఫోన్‌లో చూపిస్తామని ఆడపెళ్లివాళ్లు మాట ఇచ్చారు. ముహూర్తం పదకొండింటికి. ఫోన్ బాధ్యత నెత్తిన వేసుకున్న పెళ్లికూతురి చిన్నాయన కువైట్‌లో పదకొండయ్యేదాకా ఓపికగా ఆగి అప్పుడు చేశాడు. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. అంటే ఇక్కడ ఒంటిగంటన్నర. మండపంలో అప్పటికి నడుస్తున్నది మూడో పంక్తి భోజనం.

"తలంబ్రాలు చూపిస్తమని ఇస్తరాకులు చూపిచ్చిన్రు పెద్దమ్మా" అన్నది కవిత నాతో. నాతో అని ఊరుకుంటే బాగుండేది. చుట్టాలందరితో అన్నది. ఆ మాట ఊళ్లు తిరిగి తిరిగి కొత్త కోడలు అనూష చెవిన పడింది. ఇక వదినా మరదళ్ల మధ్య మాటలు పండగ శుభాకాంక్షల బొమ్మల దగ్గర ఆగిపోయాయి.

ఇప్పుడు అనూషకు కొడుకు పుట్టాడు. భూపాలపల్లిలో వాళ్ల అమ్మగారింట్లో తొట్టెల వేస్తున్నారు, అంటే ఉయ్యాలలో వేసి పేరు పెట్టడం. మా ఇళ్లల్లో బిడ్డ చెవిలో మూడుసార్లు పేరు చెప్పేది మేనత్తే. అనూష తనంతట తానే కబురు చేసింది: "పేరు వదిననే పెట్టాలె. ఏం పేరైనా సరే." కవిత ఒప్పుకుంది గానీ ఒక మెలిక పెట్టింది. పేరేమిటో ముందుగా ఎవరికీ చెప్పదట. ఫోన్‌లో, వాడి చెవిలోనే చెబుతుందట. పన్నెండు గంటల డ్యూటీలో ఫోన్ ఆమె చేతికి వచ్చేది ఒక్క టీ విరామంలో, అదీ పావుగంట. ఈసారి కూడా టైం తప్పిందా, ఇక ఆ ఇద్దరినీ కలిపే సందర్భం మళ్లీ ఎప్పుడొస్తుందో నాకైతే తోచలేదు.

అందుకే జనగామలో మా జిరాక్స్ దుకాణం మా ఆయనకు అప్పగించి బయల్దేరాను. "లెక్కలు వచ్చినోళ్లు ఒక్కలన్న ఉండాలె అక్కా" అని సుగుణ బతిమాలింది. డిగ్రీ చదివినందుకు మా ఇంట్లో నాకు దక్కిన గౌరవం ఇదొక్కటే.

ముందురోజు మధ్యాహ్నం మూడు దాటాక జనగామలో రైలెక్కాను. రిజర్వేషన్ అక్కర్లేదు, జనరల్ టికెట్ చాలు. కాజీపేటలో సగం పెట్టె ఖాళీ అవుతుంది. అక్కడిదాకా ఓర్చుకుంటే కిటికీ దొరుకుతుంది. ఎదుట పాలకుర్తి దగ్గరి రైతు ఒకాయన ఖమ్మం పోతున్నాడు. ఎక్కడికి, ఎందుకు అని అడిగి అన్నీ రాబట్టాక తన తీర్పు చెప్పాడు.

"దేశానికో టైం ఎందుకక్కా? అందరు ఒక్కటే పెట్టుకుంటె అయిపాయె గద."

"అట్లయితే మనకు ఆరింటికి పొద్దు పొడిస్తే కువైట్ల ఎనిమిదిన్నరకు పొడుస్తది. వాళ్లు ఒప్పుకుంటరా?"

"ఎందుకు ఒప్పుకోరు? ఎనిమిదిన్నర దాక పండుకోవచ్చు."

వరంగల్ దాటేదాకా వాదించాను. భూమి గుండ్రంగా ఉందని చెప్పాను, తిరుగుతోందని చెప్పాను, నా మంచినీళ్ల సీసా తిప్పి చూపించాను. కేసముద్రంలో ఆయన నిద్రపోయాడు. దాన్ని నేను గెలుపుగానే లెక్కేసుకున్నాను.

మానుకోటలో దిగేసరికి అయిదున్నర. మహబూబాబాద్ అని రైల్వే బోర్డు మీద ఉంటుంది, ఆటోవాళ్ల నోట మాత్రం మానుకోటే. సుగుణ ఇంట్లో బర్రె ఈని నాలుగు రోజులైంది. అందుకే ఆమె ఆగిపోయింది, ఆమె పెనిమిటి, మా మరిది రాజయ్య, బియ్యం, సామాన్లతో ముందే భూపాలపల్లి చేరాడు. రాత్రి జొన్నరొట్టె, వంకాయ కూర, ఆ మీద జున్ను పెట్టింది. ఒక్క జున్ను కోసమైనా ఈ ప్రయాణం చేయవచ్చు.

ఆ ఇంట్లో చూడదగింది గోడ. కొత్తగా వచ్చినవాళ్లు అక్కడ తప్పక పరేషాన్ అవుతారు. పక్కపక్కన రెండు గడియారాలు: ఎర్రది మానుకోటది, ఆకుపచ్చది కువైట్‌ది. సుగుణ పొద్దున ముందు ఆకుపచ్చది చూసి "కవిత లేచింది" అంటుంది, తర్వాత ఎర్రది చూసి పాలు పితుకుతుంది. పక్కింటావిడ ఒకరోజు తప్పు గడియారం చూసి, ఇంకా చాలా టైముందని కూర్చుండి కబుర్లాడి బస్సు పోగొట్టుకుందట.

పొద్దున బర్రెను పక్కింటావిడకు అప్పగించి, బయల్దేరేముందు సుగుణ స్టూలెక్కి ఆ ఆకుపచ్చ గడియారాన్ని దింపింది. తువ్వాలలో చుట్టింది.

"గదెందుకు?" అన్నాను. "నా ఫోన్ల కువైట్ టైం ఉంటది."

"నీ ఫోన్ సంగతి నాకు తెల్వది. దీన్ని నేను రోజు చూస్త."

ఆరున్నర బస్సు. నర్సంపేట మీదుగా హనుమకొండ పోతుంది. ఆడవాళ్లకు టికెట్ సున్నా, ఆధార్ కార్డు చేతిలో ఉంచుకోండి, సంచి అడుగున పెట్టుకుంటే వెనకవాళ్ల చేత తిట్లు తింటారు. కండక్టర్ మాకు రెండు టికెట్లు కొట్టి సుగుణ ఒళ్లో మూట చూశాడు. తువ్వాల తీసి చూపించింది. "గడియారానికి గూడ జీరో టికెట్ కొట్టాల్నా అక్కా?" అన్నాడు. "కొట్టు. కువైట్ కెల్లి వచ్చింది" అన్నాను. బస్సంతా నవ్వింది, సుగుణ తప్ప.

గూడూరు దాకా మా పక్కన గంగారం దిక్కు తండా ఆమె కూర్చుంది. ఫోన్‌లో వాళ్ల భాషలో ఎవరినో గట్టిగా తిట్టి, పెట్టేసి, మా వైపు తిరిగి చల్లగా నవ్వింది. పెనిమిటి దుబాయిలో ఉన్నాడట.

"మరి మీరు టైం లెక్క ఎట్ల చేస్తరు?" అన్నాను.

"లెక్కేందక్కా? మోగితె ఎత్తుత. మోగకపోతె డ్యూటీల ఉన్నట్టు."

"తెల్లారకముందే మోగితే?"

"ఎత్తి తిడుత. ఇప్పుడు తిట్టింది గందుకే. పొద్దుగాల నాలుగింటికి చేసి కూరేంది అని అడిగిండు."

హనుమకొండలో దిగి ఇడ్లీ తిన్నాం. చట్నీ నీళ్లలా ఉంది, ఇడ్లీ మాత్రం బాగుంది. తొమ్మిది దాటగానే భూపాలపల్లి బస్సు దొరికింది. ఎడమవైపు కూర్చోండి, ఎండ తగలదు. పరకాలలో మొగుళ్లపల్లి పోయేవాళ్లంతా మూటలతో దిగిపోయాక బస్సులో కాళ్లు చాపుకునే చోటు దొరికింది. అప్పుడు సుగుణ తన లెక్క విప్పింది.

"రెండింటికి చేస్తది కవిత. పన్నెండు లోపల చేరితె వంట చూసుకోవచ్చు."

"రెండని చెప్పిందా?"

"పదకొండున్నర అన్నది. కువైట్‌ల పదకొండున్నర అంటె మనకు రెండు. కలుపుడు నాకు రాదా?"

ఎందుకో నాకు అనుమానం తగిలింది. "ఆ మెసేజ్ వినిపించు" అన్నాను. సుగుణ వాయిస్ మెసేజ్ పెట్టింది. "అమ్మా, పదకొండున్నరకు నేనే చేస్త. పావుగంటే ఉంటది. అందరు తయారుండాలె..." అంతవరకు రాగానే సుగుణ బొటనవేలు ఆపడానికి వెళ్లింది. మా చెల్లెలికి పుట్టుకతో ఉన్న గుణం ఇది. ఎవరి మాటా చివరిదాకా వినదు. వినకముందే సాయానికి పరిగెడుతుంది. నేను ఆ వేలు గట్టిగా పట్టుకున్నాను. కవిత గొంతు సాగింది.

"...మన దగ్గరి పదకొండున్నర. లెక్క నేనే చేసిన. నువ్వు మళ్ల కలపకు అమ్మా. కలుపుతవని నాకు తెలుసు."

సుగుణ నా ముఖం చూసింది. నేను నా ఫోన్ చూశాను. పదీ ఇరవై. ఇంకా గంటకు పైగా ఉంది, పదకొండుంబావుకల్లా దిగుతాం, పర్వాలేదు అనుకుంటూ అనూషకు చేశాను.

"అనూషా, తొట్టెల పదకొండున్నరకే. తయారు పెట్టున్రి."

"పెద్దత్తమ్మా, నాలుగున్నరకు గద?"

"నాలుగున్నరెక్కడిది?"

"అత్తమ్మ రెండన్నది. అది కువైట్ రెండు అనుకున్న. రెండున్నర కలిపిన. పెండ్లిల టైం తప్పి గంత మాట పడితిమి, ఈసారి లెక్క మరువలే. పంతులు గూడ నాలుగున్నరకు మంచిగున్నదన్నడు. ఆయన మూడు దాటినంకనే వస్తడు..."

అక్కడ సిగ్నల్ పోయింది.

నేను బస్సులో గట్టిగా నవ్వాను. తిట్టడానికి ఒక్కరూ దొరకలేదు మరి. కవిత జాగ్రత్తగా ఒకసారి కలిపింది. తల్లి ఇంకా జాగ్రత్తగా రెండోసారి. కోడలు అందరికంటే జాగ్రత్తగా మూడోసారి. మధ్యలో ఇంకో ముగ్గురు చుట్టాలుండి ఉంటే వాడి పేరు మర్నాటికి పడేది. సుగుణ మాత్రం నవ్వలేదు. "కవిత మళ్ల అట్లనే అనుకుంటది అక్కా. కావాలనే చేసిన్రంటది. ఇగ ఆ పిల్ల మొఖం చూడదు" అంది. డ్యూటీలో ఉన్నంతసేపు కవిత ఫోన్ బీరువాలో ఉంటుంది. చెప్పే దారి లేదు.

రేగొండ దాటాక బొగ్గు లారీలు అడ్డం తగిలాయి. బస్సు వాటి వెనక పాకింది. దారి మీద నల్లటి దుమ్ము లేస్తుంది, ఈ దారిన పోయేవాళ్లు తెల్లచీర కట్టుకోకండి. నేను కట్టుకున్నాను. ఎవరూ చెప్పలేదు, అందుకే చెబుతున్నాను.

భూపాలపల్లిలో దిగి ఆటో ఎక్కాం. కాలనీ మలుపులో సుగుణ తువ్వాల విప్పి చూసి నెత్తి కొట్టుకుంది.

"తొమ్మిదీ అయిదు! మన పదకొండున్నర అంటె ఆడ తొమ్మిదే గద! సిగ్నల్ లేనప్పుడు చేసి పెట్టేసింది. అయిపాయె అక్కా."

నేను నా ఫోన్ చూశాను. పదకొండూ ఇరవై అయిదు. కువైట్‌లో ఎనిమిదీ యాభై అయిదు. రెండుసార్లు చూశాను.

"నీ గడియారం పది నిమిషాలు ముందున్నది."

"ఉంటది. మీ మరిదే జరిపిండు. ఎర్రదాన్ని గూడ జరిపిండు. బస్సులు అందాలె గద."

మన ఇళ్లల్లో గోడ గడియారం పది నిమిషాలు ముందుంచడం నాకు తెలుసు. మా ఇంట్లోనూ ఉంది. కానీ కువైట్‌ను కూడా ముందుకు తోసిన మనిషి మా మరిది ఒక్కడే అయి ఉంటాడు.

ఇంటి ముందు శామియానా సగం కట్టి ఉంది. వాకిట్లో ఇద్దరు మనుషులు ఉల్లిగడ్డలు కోస్తున్నారు. మా మరిది పొయ్యి దగ్గర పెత్తనం చేస్తున్నాడు. మహేష్ కూరగాయలకు పోయాడట. తొట్టెల ఇంకా మూలకు నిలబెట్టే ఉంది.

"కువైట్ను ఎందుకు ముందుకు జరిపినవయ్యా?" అన్నాను ఆటో దిగుతూనే.

"మంచికే వదినా, ముందుంటె మంచిదే గద" అన్నాడు. "అయినా పంతులు లేకుంట పేరెట్ల పెడుతం? ముహూర్తం నాలుగున్నరకు."

"కవితకు నాలుగున్నరకు ఫోన్ ఉండదు. ఇంకో మూడు నిమిషాలల్ల చేస్తది. తొట్టెల కట్టున్రి."

అనూష తల్లి లోపలి నుంచి వచ్చింది. మర్యాదస్తురాలు, గొంతు పెంచలేదు. "వదినా, మొదటి మనుమడు. ముహూర్తం కాకముందు పేరు చెవుల పడొద్దు. మా ఇంట్ల అట్ల లేదు" అంది. పెళ్లిలో మాట పడింది వీళ్లేనని నాకు గుర్తుంది, అయినా ఊరుకోలేకపోయాను. మేనత్త లేని ముహూర్తం ఎవరికి కావాలన్నాను. పంతులుకు కావాలంది. పంతులు మేనత్తా అన్నాను. ఉల్లిగడ్డలు కోసేవాళ్లు కత్తులు ఆపి వింటున్నారు.

సరిగ్గా పదకొండున్నరకు సుగుణ చేతిలో ఫోన్ మోగింది.

తెరమీద కవిత. నర్సు బట్టలు, వెనక ఇనుప బీరువాల వరుస. గోడవారగా నిలబడి ఉంది, ముఖం వెలుగుతోంది. సుగుణ అందరినీ చూపించబోయి ఫోన్ అటూ ఇటూ తిప్పింది. సగం కట్టిన శామియానా, ఉత్త వాకిలి, కోసిన ఉల్లిగడ్డల కుప్ప, అన్నీ అందులో పడ్డాయి. కవిత ముఖంలో వెలుగు ఆరిపోయింది.

"అప్పుడు ఇస్తరాకులు. ఇప్పుడు ఉల్లిగడ్డలా అమ్మా?"

సుగుణ ఫోన్ నా వైపు తిప్పింది. చెబుదామంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. మూడు కలుపుడులూ చెప్పేసరికి పావుగంట అయిపోతుంది.

అంతలో అనూష స్నానాల గది వైపు నుంచి వచ్చింది. చేతుల్లో పిల్లవాడు, తువ్వాలలో చుట్టి ఉన్నాడు. అప్పుడే నీళ్లు పోసినట్టున్నారు, తల తడిగా, సాంబ్రాణి వాసన వేస్తూ ఉన్నాడు. అనూష చీర కుచ్చిళ్లు తడిసి ఉన్నాయి. ఎవరితో ఏమీ అనకుండా వచ్చి అత్త చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"వదినా, వీడు ఇప్పుడే లేచిండు. చెప్పు."

"అనూషా, ముహూర్తం..." అంది వాళ్లమ్మ.

"ముహూర్తం వదిన టీ టైంకే పెట్టిచ్చిన గదమ్మా. టీ టైం ఇదే."

అని ఫోన్ ధ్వని తగ్గించి పిల్లవాడి కుడి చెవి దగ్గర పెట్టింది. అనూష తల్లి లోపలికి పోయి పసుపు బియ్యం తెచ్చింది. కూర్చునేందుకు పీట కూడా తనే వేసింది. మా మరిది పొయ్యి మీది గరిటె పట్టుకునే వచ్చి నిలబడ్డాడు. కాలనీ రోడ్డు మీద లారీలు చప్పుడు చేస్తూ పోతున్నాయి. కవిత పెదవులు మూడుసార్లు కదిలాయి. నాకు వినపడలేదు, పక్కనే ఉన్న సుగుణకూ వినపడలేదు. ఫోన్‌కు అంత దగ్గరున్న అనూషకు వినపడింది. ఆమె చిన్నగా నవ్వింది. పిల్లవాడు తుమ్మాడు. "శతమానం" అన్నారు ఉల్లిగడ్డల దగ్గరివాళ్లు.

అప్పుడు అనూష ఫోన్ ముఖానికి ఎదురుగా పట్టుకుని, నాలుగున్నర ఎట్లా వచ్చిందో చెప్పింది. కవిత కళ్లు పెద్దవి చేసి విన్నది.

"నా టైం చూసి ముహూర్తం పెట్టిచ్చినవా?"

"మరి? మూడుసార్లు కలుపుకొని పెట్టిచ్చినం."

ఉల్లిగడ్డల పక్కన నిలబడ్డది మేము. కళ్లు తుడుచుకున్నది కువైట్‌లో ఆమె. తర్వాత ఇద్దరూ పిల్లవాడి ముక్కు ఎవరిదన్నదాని మీద వాదులాడుకున్నారు. పావుగంట అయిందని గంట మోగగానే కవిత "పోవాలె, పోవాలె" అంటూనే ఇంకో నిమిషం మాట్లాడింది.

నాలుగున్నరకు పంతులు వచ్చాడు. పువ్వులు కట్టిన తొట్టెల, బంధువులు, బంతిపూల సరాలు, అన్నీ ఉన్నాయి. మేనత్త తరఫున చెప్పేదెవరు అని అడిగాడు. "పేరు పెట్టుడు అయిపోయింది పంతులూ, మీరు మంత్రం చదువున్రి" అంది అనూష. పంతులు కొంచెం సణిగాడు. నేను ఆయనతో వాదించడానికి లేచాను గానీ అనూష తల్లి నా చేయి పట్టి కూర్చోబెట్టింది. వాడి పేరు రిత్విక్. నాకు నోరు తిరగదు, చిన్నోడు అంటున్నాను. కోడికూర బాగుంది, మా మరిది పెత్తనం చేసినా బాగుంది. రాత్రి అక్కడే పడుకున్నాం.

మర్నాడు పదిన్నర దాటాక తిరుగు బస్సు. బయల్దేరుతుంటే సుగుణ గడియారం తువ్వాలలో చుట్టబోయింది. "అత్తమ్మా, అది ఈడనే ఉండనియ్యి" అంది అనూష. వంటగదిలో మేకు కూడా సిద్ధంగా ఉంది. నేను దాన్ని తీసి పది నిమిషాలు వెనక్కి తిప్పి కువైట్‌ను దాని చోట పెట్టాను. మేము గుమ్మం దాటకముందే మా మరిది మళ్లీ ముందుకు జరిపాడని ఆ తర్వాత తెలిసింది. ఆయన సామాన్లతో వెనక వస్తానని ఆగిపోయాడు.

ఒళ్లో మూట లేక సుగుణ చేతులు ఊరికే ఉన్నాయి. పరకాల దాటాక నన్ను టైం అడిగింది. పదకొండున్నర అన్నాను. వెంటనే కవితకు ఫోన్ చేసింది. బిజీ. మళ్లీ చేసింది. బిజీ. నాలుగోసారి కూడా అంతే.

"ఎవలితోని మాట్లాడుతున్నదో! ఉన్నదే పావుగంట."

"ఎవలో నీకు తెల్వదా?" అన్నాను.

సుగుణ ఫోన్ ఒళ్లో పెట్టుకుంది. తర్వాత నవ్వింది, రెండు రోజుల్లో మొదటిసారి. కూతురి ఫోన్ కలవనందుకు అంత సంతోషపడిన తల్లిని నేను చూడలేదు.

హనుమకొండ ఇంకా కొంచెం దూరముండగా వాయిస్ మెసేజ్ వచ్చింది. సుగుణ ఫోన్ చెవికి ఆనించుకుంది. బస్సు చప్పుడులో నాకూ వినపడేంత గట్టిగా పెట్టింది. అనూషతో మాట్లాడుతుంటే టైం అయిపోయిందట. జున్ను పంపినా అందని దేశంలో ఉన్నానట. చిన్నోడి ముక్కు తనదేనట, అనూష ఒప్పుకుందట. నేను సుగుణ బొటనవేలునే చూస్తూ కూర్చున్నాను. అది కదల్లేదు.

"రేపు పదకొండున్నరకు నీకే చేస్త అమ్మా. మన దగ్గరి టైమే."

"కలపనే, కలపను" అంది సుగుణ ఫోన్‌తో, బస్సులో అందరికీ వినపడేలా.